బాత్రూం తలుపు మీద హాజరు

తెల్లారుజామున 5 గంటలకే హైదరాబాదు దాటేద్దామనుకున్నాను. నాలాగే ఊరంతా అనుకున్నట్టుంది. షాద్‌నగర్ దాకా కార్లు చీమల బారులా పోతున్నాయి. 2024 మే 12, ఆదివారం. మర్నాడు పోలింగ్. నా ఓటు ఇప్పటికీ నందికొట్కూరులోనే ఉంది. మార్పించుకోమని పిల్లలు పదేళ్ళుగా పోరుతున్నా వినలేదు.

మా క్లాసు లీడరు ఈ తేదీ పెట్టింది కూడా అందుకే. "పెళ్ళికి పిలిస్తే రారు. చావు కబురు చెప్తే ఫోన్లోనే అయ్యో అంటారు. ఓటుకైతే ఎట్లాగూ వస్తారు కదా, ముందురోజు రాత్రి బువ్వ మా ఇంట్లో" అని గ్రూపులో పెట్టాడు. పదో తరగతి అయిపోయి అప్పటికి 43 ఏళ్ళు. వాడింకా లీడరే.

మా ఊరు నందికొట్కూరు తాలూకాలో కృష్ణ ఒడ్డున ఉండేది. ఇప్పుడు లేదు, శ్రీశైలం నీళ్ళ కింద ఉంది. డ్యాముకు 1963లో నెహ్రూ శంకుస్థాపన చేశాడు, మేమింకా పుట్టనేలేదు. పుట్టినప్పటి నుంచీ 'మునుగుతుంది, మునుగుతుంది' అని వింటూనే పెరిగాం కాబట్టి ఎవరమూ పట్టించుకోలేదు. 1981లో నమ్మాల్సి వచ్చింది. పరీక్షలు రాసి ఇంటికొచ్చేసరికి మిద్దెల మీద మట్టి తోడుతున్నారు. దూలాలు, గుమ్మాలు, తలుపులు పీకి బండ్లకెత్తుకున్నారు. రిజల్ట్సు వచ్చిన రోజు మా నాన్న ఇంటి వాకిలి ఊడబీకుతున్నాడు. పాసయ్యానంటే "సరే, ఆ పక్క పట్టుకో" అన్నాడు. వీడ్కోలు సభా లేదు, గ్రూపు ఫొటో లేదు. ఒకడు గుంటూరు, ఒకడు బళ్ళారి, ఒకరు కర్నూల్లో మేనమామ ఇల్లు. అట్లా చెదిరిపోయాం.

బీచుపల్లి బ్రిడ్జి మీద కారు స్లో చేశాను. కింద కృష్ణలో ఇసుక మేటలు, బండరాళ్ళు, మధ్యలో సన్నటి పాయ. ఆ ఏడాది నది అంతగా ఎండిపోయింది. దాన్ని చూడగానే లోపలెక్కడో సంతోషం వేసింది, చెప్పుకోవడానికి కొంచెం సిగ్గే. కృష్ణ ఎండితే రైతుకు ఏడుపు. మాకేమో ఊరు బయటపడుతుంది.

అలంపూర్ చౌరస్తా, తుంగభద్ర, కర్నూలు దాటి లీడరు ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం రెండు. ముంపు వాళ్ళకిచ్చిన కాలనీలో ఇల్లు. అందరూ దాన్ని ఇప్పటికీ 'సెంటరు' అనే అంటారు. ఎండ తగ్గాక నాలుగింటికి, ముందుగా వచ్చిన తొమ్మిదిమందిమి రెండు కార్లలో నది వైపు పోయాం. ఒండ్రు నేల అరచేయి పట్టేంత నెర్రెలు విచ్చింది. ఎక్కడో దూరంగా గొర్రెల మంద. సంగమేశ్వరం గుడి కూడా నీళ్ళలోంచి బయటపడి ఉన్న రోజులవి. అక్కడ వేప మొద్దే లింగం. ఏటా నెలల తరబడి నీళ్ళలో మునిగి లేస్తుంది. గుడికి పోదామని ఆడవాళ్ళన్నారు కానీ పొద్దు చాలలేదు.

మా ఊరు అంటే ఇప్పుడు రాళ్ళ వరసలు, విరిగిన రోలు ఒకటి, మూడు మెట్లు. ఆ మెట్ల దగ్గరే గొడవ మొదలైంది. "ఇదిగో మన బడి" అన్నాడు లీడరు. "బడి కాదురా, చావిడి మెట్లు ఇవి. మన బడి ఏటి దిక్కుకు చూస్తాండె" అన్నాడు పుట్టోడు. కొల్లాపూర్ వైపు నుంచి పొద్దున్నే పుట్టిలో ఏరు దాటి బడికి వచ్చేవాడు కాబట్టి వాడికా పేరు. ఇప్పుడు ఏటికి అటువైపు తెలంగాణ, ఇటువైపు ఆంధ్ర. అప్పట్లో గడేసుకుంటూ వచ్చిన మనిషి ఈసారి పెబ్బేరు, కర్నూలు మీదుగా వంద కిలోమీటర్లు దాటిన చుట్టు తిరిగి కారులో వచ్చాడు. ఊళ్ళో పుట్టిన మాకంటే రోజూ బయటి నుంచి చూస్తూ వచ్చినవాడికే గుర్తుండాలి కదా అని నాకనిపించింది. అనలేదు, లీడరు ఇంట్లో భోంచెయ్యాలి మరి.

రాత్రికి 17 మంది తేలాం. పరీక్ష రాసింది 34 మందిమి. ఆరుగురు లేరు. నలుగురి జాడ తెలీదు. మిగతావాళ్ళకు ఏవో పనులు. ఆడవాళ్ళు ఐదుగురు వచ్చారు. బడిలో మూడేళ్ళపాటు వాళ్ళతో ఒక్క మాట మాట్లాడి ఎరగం. ఇప్పుడు ఏమని పిలవాలో తెలియక అందరినీ 'అమ్మా' అంటున్నాం. పోస్టుమాస్టరు కూతురు, టీచరుగా చేసి రిటైరైంది, విని విని "నీకు నేనెప్పుడు అమ్మనైనాను రా, పలక పగలగొట్టింది నువ్వే కదా" అంది. పగలగొట్టింది నేను కాదు. ఒప్పుకున్నాను.

వంట వదినది. జొన్నరొట్టెలు, నాటుకోడి పులుసు, గోంగూర, శెనక్కాయల పొడి, భక్ష్యాలు. మిద్దె మీద చాపలు పరిచారు. ఇద్దరు ఆడవాళ్ళు కింద కట్టెల పొయ్యి దగ్గర రొట్టెలు తడుతుంటే ఆ టపటప పైకి వినిపిస్తోంది. పెనం మీంచి వచ్చిన రొట్టె పొరలు విడి పొంగి ఉంది, వేలు పెడితే లోపలి ఆవిరి చురుక్కుమంది. హైదరాబాదులో మేము కొనుక్కునేది కూడా జొన్నరొట్టే అంటారు, పాపం. మందు లేదు. పోలింగుకు 48 గంటల ముందే షాపులు మూసేశారు. "నలభై ఏళ్ళకు కలిస్తే మజ్జిగ తాగాల్సి వచ్చె" అని హోటలాయన కొడుకు రాత్రంతా సణిగాడు. నాకైతే మంచిదే అయిందనిపించింది. తాగుంటే 98 జీవో మాటలు ఇంకా పొడుగయ్యేవి. మునిగిన ఇంటికొక ఉద్యోగమని ఆశ పెట్టిన జీవో అది. మా వాళ్ళలో ఒకడు ఆ కాగితాలు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని తిరిగి తిరిగి రిటైరయ్యే వయసుకొచ్చాడు. ఆ కవరు ఆ రాత్రి కూడా వాడి జేబులోనే ఉంది.

చేతులు కడుక్కుని కింద బాత్రూంకు పోయాను. లోపల గొళ్ళెం పెట్టి చూస్తే తలుపు మందమైన చెక్క, పైన ఆకుపచ్చ రంగు. నీళ్ళు పడేచోట ఆ రంగు పెచ్చులు లేచి కింద నలుపు కనిపిస్తోంది. నలుపు మీద తెల్లటి అక్షరాలు, పక్కకు పడుకోబెట్టినట్టు. మెడ వంచి చదివాను. 'మొత్తం'. దాని కింద 'హాజరు'.

మా బోర్డు! మూలన పెయింటుతో రాసి ఉండేది. రోజూ పొద్దున లీడరు సుద్దతో అంకెలు నింపేవాడు.

కేక వేసేసరికి లీడరు పరిగెత్తుకొచ్చాడు. ముఖం చిన్నబుచ్చుకుని "నేను బండికి ఎత్తుకోకపోతే ఏట్లో కొట్టుకుపోతాండె కదరా. మొదట గొడ్ల పాకకు పెట్టినా, ఇల్లు కట్టినాంక దీనికి సరిపోయింది" అన్నాడు. ఆ మాట మిద్దె మీదికి పాకింది. ఐదు నిమిషాల్లో అందరూ కింద. బాత్రూంలో ఇద్దరికి మించి పట్టరు, అందుకని లైను కట్టారు. పోస్టుమాస్టరు కూతురు గోటితో పచ్చరంగు గీకుతూ ఎంతకీ బయటికి రాదు. వెనకవాళ్ళు "తొందరగా కానియ్యమ్మా" అని అరుపులు.

సరిగ్గా అప్పుడే వాకిట్లో జీపు ఆగింది.

144 సెక్షన్ సంగతి ఎవరికీ గుర్తే లేదు. ఒక ఎస్సై, ఇద్దరు కానిస్టేబుళ్ళు. వాళ్ళకు కనపడింది ఏమిటంటే, పోలింగ్ ముందురాత్రి ఒక ఇంటి బాత్రూం ముందు పదిహేనుమంది లైను. "ఏం పంచుతాండారు లోపల?" అన్నాడు ఎస్సై. ఒక్కసారిగా అందరికీ టెన్షన్. "బోర్డు సార్" అన్నాను నేను. ఆ జవాబుకు ఆయన అనుమానం ఇంకా పెరిగింది. లోపలికి పోయి బకెట్లో చూశాడు, మగ్గు ఎత్తి చూశాడు, వెంటిలేటర్ తడిమాడు. లీడరు చేతులు కట్టుకుని శ్రీశైలం డ్యాము కట్టిన దగ్గర్నుంచి కథ మొదలుపెట్టాడు. చివరికి ఎస్సై తలుపు వేసి, మెడ వంచి ఆ రెండు మాటలూ చదివాడు.

"అందరూ పది పాసైనారా?" అన్నాడు.

"ఇద్దరు ఫెయిల్ సార్" అని కవరు జేబులో ఉన్నవాడు చెయ్యెత్తాడు.

గుంపుగా ఉండొద్దు, పది నిమిషాల్లో సర్దుకోండని చెప్పి పోయారు. డ్యూటీలో భోజనం వద్దన్నారు కానీ భక్ష్యాల పొట్లం తీసుకున్నారు. పుట్టోడికి తెల్లారి కొల్లాపూర్‌లో ఓటు, వాడు ఆ రాత్రే బయల్దేరాడు. మిగతావాళ్ళం లైట్లు తీసేసి, మిద్దె మీద దొంగల్లా గుసగుసలాడుతూ ఒంటిగంట దాకా కూర్చున్నాం.

సోమవారం పొద్దున్నే ఓటేసి తిరుగు ప్రయాణం. వదిన కట్టిచ్చిన రొట్టెలు వెనక సీట్లో. బీచుపల్లి దగ్గర పుట్టోడు ఫోన్ చేశాడు. "రేయ్, వానికి చెప్పు, అది చావిడే. కావాలంటే శాటిలైట్ మ్యాపులో చూడమను." ఫోన్ పెట్టగానే లీడరు. "వాడు చెప్పినాడు కదా నీకు? నేనూ చూసినా. యాడుందిరా ఊరు? అంతా నీళ్ళే చూపిస్తాంది."