ఎటోషా నీటిగుంటల దగ్గర

నమీబియా ఉత్తర భాగంలోని ఎటోషా జాతీయ ఉద్యానవనానికి సెప్టెంబరులో వెళ్లాము. నెలల తరబడి చినుకు పడని కాలం కావడంతో, జంతువుల కోసం దారులన్నీ గాలించడం కంటే ఒక నీటిగుంట దగ్గర కారు ఆపుకుని ఓపికగా కూర్చోవడమే మేలని మొదటి రోజే అర్థమైంది. 1907లో, జర్మన్ వలస పాలనలో, రక్షిత ప్రాంతంగా ప్రకటించిన ఈ ఉద్యానవనం విస్తీర్ణం 22 వేల చదరపు కిలోమీటర్లకు పైమాటే; అందులో దాదాపు 4,800 చదరపు కిలోమీటర్లు గడ్డిపోచ కూడా మొలవని ఉప్పు పర్ర. ఆ పర్ర దక్షిణపు అంచున ఉన్న ఊటలే ఎండాకాలంలో వేలాది జీవాలకు ఆధారం.

నీటి దగ్గర ఎవరి వంతు ఎప్పుడో వాటికి బాగా తెలుసు. జీబ్రాలు, స్ప్రింగ్‌బాక్ జింకలు గుంట చుట్టూ కిక్కిరిసి ఉండగా, ఒళ్లంతా సున్నపు బురద పూసుకున్న ఏనుగుల గుంపు మోపానే చెట్ల వెనుక నుంచి రాగానే మిగిలినవన్నీ మారు మాట లేకుండా తప్పుకున్నాయి. జిరాఫీ మాత్రం దూరంగానే నిలబడి, సింహం పొంచి ఉందేమోనని చాలాసేపు నలుదిక్కులూ పరికించింది. చివరికి ముందుకాళ్లను కొంచెం కొంచెంగా ఎడం చేసి, మెడ వంచి నాలుగు గుక్కలు తాగిందో లేదో, ఒక నక్క కదలికకే ఉలిక్కిపడి లేచింది. అంత ఎత్తైన జీవానికి నీళ్లు తాగే క్షణమే అత్యంత ప్రమాదకరమని కళ్లారా చూశాక, దాని భయం మీద నాకు గౌరవం కలిగింది.

చీకటి పడేలోపు విడిదికి చేరాలన్నది అక్కడి నిబంధన. ఒకాకువేయో విడిదిలో రాతిగోడకు ఇవతల బల్లల మీద కూర్చుని, దీపాల వెలుగులో నీటిగుంటను రాత్రంతా చూడవచ్చు. అక్కడికే పిల్లను వెంటబెట్టుకుని ఒక నల్ల ఖడ్గమృగం వచ్చింది. పొదల కొమ్మలను పట్టి తుంచడానికి వీలుగా కొక్కెంలా వంగిన దాని పైపెదవి నీటిని తాకడం బైనాక్యులర్‌లో స్పష్టంగా కనిపించింది. ప్రపంచంలో మిగిలిన నల్ల ఖడ్గమృగాలలో సుమారు మూడో వంతు నమీబియాలోనే ఉన్నాయి. కొమ్ము కోసం వాటిని చంపే వేటగాళ్ల బెడద ఇంకా తీరలేదు. అందుకే వెళ్లేవారు ఫోనులో లొకేషన్ ఆపివేసిన తరువాతే వాటిని ఫొటో తీయాలి, ఎక్కడ కనిపించాయో ఎవరికీ చెప్పకూడదు.