రెండో ఎక్కం

నిద్ర పట్టలేదు. ఒకపక్క ఈయన గురక, ఇంకోపక్క పొద్దున వచ్చిన మెసేజి. గురకకు 30 ఏండ్లుగా అలవాటు పడినాను కాబట్టి తప్పు మెసేజిదే.

"ఎయిర్ లాకే నాన్నా. ఇప్పుడు సెట్ అయింది. థ్యాంక్స్."

నాన్నా అంట.

మా చిన్నోడు కెనడాలోని విన్నిపెగ్ పోయినప్పటి నుంచి మా ఇంట్లో పొద్దున ఏడున్నర అంటే వాని ఫోనే. వానికి అప్పుడు రాత్రి ఎనిమిది. డిసెంబరు మొదలు ఆ ఫోన్లలో తిన్నావా పడుకున్నావా అనేది లేదు, అంతా కారు హీటరే. వాంకూవర్ వైపు నుంచి వచ్చిన సెకండ్ హ్యాండు కారు కొన్నాడు. అక్కడ అంత చలి ఉండదు కాబట్టి బండికి బ్లాక్ హీటరు, అంటే ఇంజనును కాచే కరెంటు హీటరు, లేదు. విన్నిపెగ్‌లో జనవరి అంటే మైనస్ 30 కూడా మామూలే. ఆయిలు చిక్కబడి ఇంజను తిరగనంటుంది, బ్యాటరీకి సగం సత్తువ కూడా ఉండదు. అందుకని రాత్రిపూట కారును ఫోను మాదిరి ప్లగ్గుకు తగిలించాల. వీడియోలో చూపించినాడు. ముందరి జాలీలో నుంచి త్రీపిన్ ప్లగ్గు వేలాడుతుంటుంది, పార్కింగులో ఒక్కో బండి ముందర ఒక కరెంటు స్తంభం. చూస్తే కొట్టంలో గాటికి కట్టేసిన ఎద్దుల వరస గుర్తొచ్చింది.

మొదటిరోజు విన్నప్పుడు నేను తేల్చేసినాను. "ఓస్, హీటర్ ప్లగ్గే గదరా. దానికి కరెంటెందుకు, బటన్ నొక్కి 20 లెక్కబెట్టు" అని. తండ్రీకొడుకులిద్దరూ నవ్వినారు. "అమ్మా, అది డీజిలు బండికి" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. రెండు వారాలు ఒప్పుకోలేదు. నా వాదన ఎట్లుంటుందో మా ఇంట్లో అందరికీ తెలుసు.

నాకెందుకంత పట్టుదల అంటే, ఆ విషయం నాకు తెలుసు కాబట్టి. ఈ ఇంట్లో నాకొక్కదానికే తెలుసు.

1986లో నేను ఆరో క్లాసు. కంబదూరు నుంచి కళ్యాణదుర్గానికి నాయన సర్వీసు జీపు తోలేవాడు. ప్యూజో డీజిలు ఇంజను. అనంతపురం ఫస్టు బస్సు అందుకునేవాళ్ల కోసం మబ్బులోనే తీయాల. పుష్యమాసంలో టాపు మీది టార్పాలిను మంచుకు తడిసి నీళ్లు కారేది. నాయన మంకీ క్యాపు పెట్టుకోని, బానెట్ ఎత్తి, టార్చిలైటు చంకలో ఇరికించుకోని నిలబడేవాడు. డ్రైవరు సీట్లో నేను. కాళ్లు అందేవి కావు. హీటరు బటన్ బొటనవేలితో నొక్కి పట్టుకోని రెండో ఎక్కం మొదలుపెట్టాల. రెండొకట్ల రెండు, రెండ్రెండ్ల నాలుగు. అవ్వ లోపల నుంచి "పిల్లను పడుకోనీరా" అని తిడుతుండేది. రెండు పదుల ఇరవై అనేసరికి నాయన వచ్చి చెయ్యి లోపలికి పెట్టి తాళం తిప్పేవాడు. తెల్లటి పొగ, టకటకటకమని చప్పుడు, సీటుతో పాటు నా పండ్లు కూడా అదిరేవి.

ఒకరోజు రెండో ఎక్కం అయింది, మూడో ఎక్కం అయింది, బండి కదల్లేదు. నాయన నాలుగు హీటర్ ప్లగ్గులూ విప్పి బట్టలుతికే బండ మీద వరసగా పెట్టినాడు. బ్యాటరీ నుంచి వైరు తెచ్చి ఒక్కోదానికి ఆనిస్తుంటే మొనలు బొగ్గు మాదిరి ఎర్రబడినాయి. ఒకటి, రెండు, మూడు. నాలుగోది నల్లగానే ఉండిపోయింది. కొత్తది కొనాలంటే అనంతపురం రావాల. అవ్వ స్నానానికి కాచుకున్న బిందెడు నీళ్లు ఎత్తుకపోయి రేడియేటర్లో పోసినాడు. ఆ రోజు అవ్వ అన్న మాటలు ఇక్కడ రాయలేను. ఆ నెలంతా మూడు ప్లగ్గులతోనే తోలినాడు, నేను మూడో ఎక్కం దాకా చెప్పినాను.

తమ్ముణ్ని లేపేవాడు కాదు, నన్నే లేపేవాడు. అదీ నా గొప్ప.

సరే, ఇప్పుడు ఈయన సంగతి. ట్యూబులైటు స్టార్టరు మార్చడానికి మనిషిని పిలిచే ఈయన చిన్నోనికి సలహా ఇచ్చినాడు, ఇంజను అడుగున ఉండే ఆయిలు పాన్‌కు అయస్కాంతంతో అతుక్కునే హీటరు తీసుకో, చవక అని. రోడ్డు మీద మంచు, ఉప్పు కొట్టుకుంటా పోయే బండికి అడుగున అయస్కాంతం ఎన్నాళ్లు నిలబడుతుంది? వాడు ఆ మాట వినలేదు, నయం. కింది రేడియేటరు హోసులో కోసి బిగించేది ఒకటి, ఆయిలు పాన్‌కు అంటించే పట్టీ ఒకటి చూసి, చివరికి ఆ కారు మోడలుకే చేసిన 400 వాట్ల హీటరు తీసుకున్నాడు. ఇంజను పోత పోసినప్పుడు లోపలి ఇసుక తీయడానికి వదిలే బెజ్జాలకు బిళ్లలు కొట్టి మూస్తారే, అందులో ఒక బిళ్ల పీకి ఆ చోట బిగిస్తారు. కూలెంటు, అంటే ఇంజనును చల్లబరిచే నీళ్లు, మొత్తం దించాల.

బిగించిన షెడ్డువాళ్లు రెండు గంటల కూలి తీసుకున్నారు. ఇంతా చేసి వైరును ఫ్యాను పక్కనే ఒక ప్లాస్టిక్ టై వేసి వదిలేసినారు. కూలెంటు మళ్లీ పోసేటప్పుడు గాలి తీసినారా అంటే అదీ లేదు. కూలెంటు నిండకముందే ప్లగ్గు పెడితే హీటరు కాలిపోతుంది, వాళ్లు పెట్టి చూడలేదు గదా అని అడిగినాను. వాళ్లను అడగమంటే తండ్రీకొడుకులిద్దరూ పలకలేదు.

నిన్న ఫోనులో "లోపల చల్లగాలి వస్తాంది, డ్యాష్‌బోర్డు వెనక గుడగుడ అంటాంది" అన్నాడు. ఈయన థర్మోస్టాట్ పోయింటుంది అన్నాడు. నేను బుడ్డల చట్నీ రుబ్బుతా వంటింట్లో నుంచే అరిచినాను. "గాలి పట్టిందిరా! బండి మూతి ఎత్తు మీదికి పెట్టు, చల్లారినాక మూత తీసి స్టార్ట్ చెయ్, బుడగలు నిలిచేదాకా పోస్తా ఉండు." కళ్యాణదుర్గం రోడ్డులో నాయన నూరుసార్లు చేసిన పని. ఈయన "నువ్వుండు, నీది మళ్లా హీటర్ ప్లగ్గు కథ" అన్నాడు.

ఇయ్యాల ఆ మెసేజి. నేనన్న గాలే, వాని భాషలో ఎయిర్ లాక్. నాన్నా, థ్యాంక్స్.

మధ్యాహ్నం కోపంతో కూర్చుని చదివినాను, నా మాటే నిజమని చూపిద్దామని. చూపించలేకపోయినాను. హీటర్ ప్లగ్గు డీజిలు మండే చోటును మాత్రమే కొన్ని సెకండ్లు కాలుస్తుంది. బ్లాక్ హీటరు ఇంజను చుట్టూ ఉండే కూలెంటును మూడు నాలుగు గంటలు కాచుతుంది. రెండూ వేరు. విన్నిపెగ్‌కు సరిహద్దు అవతల, అమెరికాలోని గ్రాండ్ ఫోర్క్స్‌లో ఆండ్రూ ఫ్రీమన్ అనే ఆయన 1949లో పేటెంటు తీసుకున్న హీటరును ఇంజను పైభాగాన్ని బిగించే హెడ్డు బోల్టు ఒకటి తీసి ఆ చోట బిగించేవాళ్లంట. నిజానికి చిన్నోనిది నాయన జీపు కథ కానేకాదు, అవ్వ బిందె కథ. పోసిన వేన్నీళ్లకు బదులు కరెంటు. రెండు వారాలు తప్పు వాదించినదాని మాట మూడోవారం ఎవరు వింటారు?

అంతటితో ఊరుకోవాల్సింది. సాయంత్రం తమ్మునికి ఫోన్ చేసి, నాయన నన్నే ఎందుకు లేపేవాడో తెలుసా అని గొప్పలు పోయినాను. వాడు తాపీగా, "ఆ జీపులో ప్లగ్గులు కాగినాయని చూపే హీటరు లైటు కాలిపోయింటే అక్కా. బల్బు వేయించల్లేక నిన్ను లేపేవాడు" అన్నాడు.

అంటే నేను బల్బును.

ఇప్పుడు పదకొండయింది, వానికి పొద్దున పదకొండున్నర. ఈయన ఫోను నా తలగడ కిందనే ఉంది. తీసి టైపు చేసినాను. "రెండ్రోజులాగి కూలెంటు లెవెల్ మళ్లీ చూడు. ఇంజను చల్లగా ఉన్నప్పుడే మూత తియ్. ఆ వైరు ఫ్యానుకు దూరంగా కట్టు." పేరు పెట్టలేదు.

వెంటనే నీలం టిక్కులు పడినాయి.

"సరే నాన్నా. ఇంకా పడుకోలేదా?"