ఆదివారం ఆటలు: రెండు నెలల లెక్క

వేసవి సెలవుల్లో మొదలుపెట్టాం. ఆదివారం నాలుగున్నరకి టీ అయ్యాక ఫోన్లన్నీ ఫ్రిజ్ మీదకి, మనుషులందరూ హాల్లో చాప మీదకి. మేం అయిదుగురం: డెబ్బై రెండేళ్ల మా అత్తయ్య, మా ఆయన, నేను, పదేళ్ల పాప, ఆరేళ్ల బాబు. పెట్టె మీద '8 ఏళ్లు పైబడినవారికి' అని రాస్తారు గానీ, ఇంగ్లీషు రాని నానమ్మకీ, ఓడిపోతే అలిగి మంచం కిందకి దూరే మనవడికీ కలిపి పనికొస్తుందో లేదో ఎవరూ రాయరు. ఆ లెక్క మనమే చూసుకోవాలి.

మే, మొదటి వారం. బిజినెస్ ఆట. అటక మీంచి దింపితే నోట్లు సగం లేవు, చిట్టీలు రాసుకున్నాం. గంట తిరిగేసరికి బాబు దివాలా. ఇంకో గంటన్నర పాటు మిగతా వాళ్లం ఇళ్లు కొనుక్కుంటూ కూర్చున్నాం. వాడిని బ్యాంకులో కూర్చోబెడితే బ్యాంకు మొత్తాన్ని సోఫా కిందకి తోసేశాడు. నాకైతే వాడి తప్పేమీ కనబడలేదు. మధ్యలో ఒకరిని బయటికి పంపేసే ఆట మాకొద్దని అప్పుడే నోట్‌బుక్‌లో రాసుకున్నా. దాని కిందే ఇంకోటి: మళ్లీ తన వంతు వచ్చేదాకా ఎంతసేపు ఆగాలి? మా వాడి ఓపిక రెండు నిమిషాలు.

మే, రెండో వారం నుంచి నెలాఖరు దాకా అష్టాచమ్మా. ఇది అత్తయ్య ఆలోచన. "గవ్వలు కొనడమెందుకే అమ్మాయ్, చింతపిక్కలు లేవూ?" అని నాలుగు పిక్కలు ఏరి, బాల్కనీ గచ్చు మీద నీళ్లు చిలకరించి అరగదీయడం మొదలుపెట్టారు. వేలి కొసతో నొక్కిపట్టి ముందుకీ వెనక్కీ రుద్దుతుంటే గోధుమరంగు నీళ్లు కారాయి. కాసేపటికి నల్లటి తొక్క పోయి లోపల తెల్లగా బయటపడింది. పక్కనే పాప కూడా ఒకటి అరగదీసింది, వేలు ఎర్రగా కందిపోయింది. దాని పిక్క వేసినప్పుడల్లా నల్లగానే పడుతుంటే తీసేసి ఇంకోటి చేశాం. ఓపిక లేకపోతే పూజా సామాన్ల కొట్లో గవ్వలు దొరుకుతాయి, నాలుగూ ఒకే సైజువి చూసి తీసుకోండి.

పటం పాత ఫ్లెక్సీ వెనకవైపు మార్కర్‌తో గీశాం. అయిదు నిలువు, అయిదు అడ్డం, పాతిక గళ్లు. నాలుగు వైపులా మధ్య గడికీ, నట్టనడి గడికీ ఇంటూ గుర్తు. బయటి వరస చుట్టి, లోపలి వరస ఎదురు దిశలో చుట్టి, నడి గడికి చేరితే కాయ పండినట్టు. మొత్తం 24 అడుగులు. మా అత్తయ్య వాళ్ల పద్ధతిలో ఎదుటివాళ్ల కాయ ఒక్కటైనా కొట్టనిదే లోపలికి వెళ్లడానికి లేదు. నాలుగూ తెల్లగా పడితే చమ్మా, అంటే నాలుగు. నాలుగూ నల్లగా పడితే అష్టా, ఎనిమిది. ఈ రెంటికీ ఇంకో పందెం ఉంటుంది.

మనిషికి నాలుగేసి కాయలతో మొదటి ఆట గంటా ఇరవై నిమిషాలు పట్టింది. రెండేసి కాయలకి తగ్గించాక నలభై నిమిషాల్లో తేలిపోతోంది. బాబు, వాళ్ల నాన్న ఒక జట్టు. వేయడం వీడి పని, లెక్క ఆయన పని. పాప కాగితం మీద అన్ని రకాలూ రాసి చూసింది. ఒక్కో పిక్క తెల్లగానో నల్లగానో సమానంగా పడుతుందనుకుంటే మొత్తం పదహారు రకాలు. అందులో రెండు తెల్లగా పడేవి ఆరు, చమ్మా ఒక్కటి, అష్టా ఒక్కటి. అందుకే ఇప్పుడు తన కాయ వెనక రెండు గళ్ల దూరంలో ఎవరున్నా దానికి టెన్షన్.

జూన్ మొదట్లో బ్లోకస్, బోర్డు మీద రంగు ముక్కలు పేర్చుకుంటూ పోయే ఆట. ఒక్కొక్కరికీ 21 ముక్కలు. మన రంగు ముక్కలు మూల మూల మాత్రమే తాకాలి, అంచు తాకకూడదు. వివరించడానికి నిమిషం పట్టింది. బాబు ఒంటరిగా ఆడగలిగిన మొదటి ఆట ఇదే. అత్తయ్యకి మాత్రం అంత రుచించలేదు, "టైల్స్ మేస్త్రీ పనిలా ఉంది" అన్నారు.

అదే మాట పట్టుకుని మా ఆయన అజూల్ తెచ్చారు, అదీ నిజంగా టైల్స్ పరిచే ఆటే. వెంటనే కొనేయలేదు. ముందు ఒక బోర్డ్ గేమ్ కెఫేలో కూర్చుని ఒకసారి ఆడి చూశాం. ఖరీదైన పెట్టె ఏదైనా అలా చేయడమే మేలు, మేం ఇంతకుముందు ఒకటి బొమ్మ చూసి కొని రెండుసార్లు కూడా తీయలేదు. అజూల్ 2017లో వచ్చింది, 2018లో జర్మనీ వాళ్లు ఏటా బోర్డ్ గేమ్స్‌కి ఇచ్చే 'ష్పీల్ డెస్ యారెస్' అవార్డు గెలిచింది. నాకు నచ్చింది అది కాదు. ఆడేటప్పుడు చదవాల్సిన అక్షరం ఒక్కటీ లేదు. అయిదు రంగులు, రంగుకి ఇరవై చొప్పున వంద పలకలు. ఒక పళ్లెంలోంచి ఒకే రంగువన్నీ తీసుకోవాలి, మిగిలినవి మధ్యలోకి. మన వరసలో పట్టనివి కింద పడి మార్కులు కోస్తాయి.

పలకలు చేతిలో పట్టుకుంటే బరువుగా, నున్నగా ఉంటాయి. అత్తయ్య మొదటి ఆటంతా నీలం రంగే ఏరుకుని చిత్తుగా ఓడిపోయారు. మూడో ఆటలో తన వంతు రాగానే మధ్యలో ఉన్న నలుపువి ముట్టకుండా వదిలేసి, కొడుకు వైపు చూస్తూ ఒక్క ఎరుపు తీసుకున్నారు. ఆయనకి ఆరు నల్ల పలకలు తీసుకోక తప్పలేదు, వరసలో ఒక్కదానికే చోటుంది. కన్నకొడుకని కూడా చూడలేదు. మార్కులు పాప లెక్కపెడుతుంది. పలకలన్నీ సంచిలో వేసే పని బాబుది, పడుకునే ముందు సోఫా కింద కూడా చూస్తాం.

నోట్‌బుక్‌లో ఇప్పటికి: అష్టాచమ్మా ఆరుసార్లు, బ్లోకస్ మూడు, అజూల్ నాలుగు. బిజినెస్ మళ్లీ అటకెక్కింది.

వచ్చే వారం పులి-మేక. పటం అదే ఫ్లెక్సీ మీద పక్కన గీయడం అయిపోయింది. మూడు పులులకి సీసా మూతలు దొరికాయి. పదిహేను మేకలకి చెస్ బంట్లు లెక్కపెట్టాం. పదహారులో ఒకటి ఎప్పుడో పోయింది, సరిగ్గా పదిహేనే ఉన్నాయి.