12 మార్కులకీ పాసే

మా అక్క కొడుకు బీటెక్ ఫస్టియర్. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీలో సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనుక్కుని, విండోస్ బదులు ఉబుంటు వేసుకుని, మొన్న ఆదివారం వనస్థలిపురంలో మా ఇంటికి పట్టుకొచ్చాడు. "పిన్నీ, ఇది పాడైనట్టుంది. ప్రోగ్రాం రన్ చేస్తే ఏమీ రావట్లేదు."

నేను సి ప్రోగ్రామింగ్ భాష నేర్చుకున్నది అమీర్‌పేటలో, టర్బో సి నీలం తెర మీద. కంట్రోల్ ఎఫ్9 నొక్కితే రన్, ఆల్ట్ ఎఫ్5 నొక్కితే ఔట్‌పుట్. రాసిన ప్రోగ్రాంని కంప్యూటర్ నడపగలిగే ఫైలుగా మార్చే కంపైలర్‌ని పేరు పెట్టి పిలవాలని ఉద్యోగంలో చేరాకగానీ తెలియలేదు. అందుకే వాణ్ని తిట్టబుద్ధి కాలేదు.

వీడి కంపైలర్ పేరు జీసీసీ. ముందు జీసీసీ టెస్ట్.సి అని కొట్టాడట. ఎ.ఔట్ అనే ఫైలు వచ్చింది. అసెంబ్లర్ ఔట్‌పుట్‌కి అది పొట్టి పేరు, తొలినాళ్ల యునిక్స్ నాటిది. మనం పేరు చెప్పకపోతే జీసీసీ ఇప్పటికీ అదే పెడుతుంది. మనకు నచ్చిన పేరు కావాలంటే హైఫన్ ఓ రాసి ఇవ్వాలి. అదీ కనుక్కుని, టెస్ట్ అని పేరు పెట్టుకున్నాడు. అక్కడ దొరికిపోయాడు.

టెర్మినల్‌లో టెస్ట్ అని కొడితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. టెర్మినల్‌లో మనం కొట్టిన కమాండ్లు అందుకునే షెల్‌కి టెస్ట్ అనే సొంత కమాండ్ ఒకటుంది. నడిచింది అది, మనవాడిది కాదు. ఇంకే పేరైనా పెట్టి ఉంటే కనీసం కమాండ్ నాట్ ఫౌండ్ అనేది. షెల్ పాత్ అనే జాబితాలో రాసి ఉన్న ఫోల్డర్లలోనే వెతుకుతుంది, మనం కూర్చున్న ఫోల్డర్‌ని పట్టించుకోదు. ఇక్కడున్నదే కావాలంటే పేరుకి ముందు చుక్క, స్లాష్ పెట్టాలి.

పెట్టాం. ఈసారి వాడి ప్రోగ్రాం నడిచి, మార్కులెన్ని అని అడిగింది. 12 కొట్టాడు. పాస్ అంది!

35 వస్తే, పాస్ అని పేరు పెట్టుకున్న వేరియబుల్‌లో, అంటే విలువ దాచుకునే డబ్బాలో, 1 వేస్తున్నాడు. బాగానే ఉంది. కానీ షరతు రాసే ఇఫ్‌లో అది 1 అయిందా అని అడగడానికి రెండు ఈక్వల్ గుర్తులు పెట్టాల్సిన చోట ఒక్కటే పెట్టాడు. అది అడగడం కాదు, మళ్లీ 1 వేసెయ్యడం. ఎవరికైనా పాసే. సి భాషలో ఇది తప్పు కాదు కాబట్టి జీసీసీ నోరెత్తలేదు.

"హైఫన్, పెద్ద డబ్ల్యూ, చిన్న ఏ, రెండు ఎల్‌లు కలిపి కొట్టు" అన్నాను. అనుమానం వచ్చిన చోట హెచ్చరించమని జీసీసీకి చెప్పడం అది. వార్నింగ్ వచ్చింది, లైన్ నంబరుతో సహా. దిద్ది, మళ్లీ కంపైల్ చేసి 12 కొట్టాడు. ఫెయిల్.

"ఇందాకటిదే బాగుంది పిన్నీ" అన్నాడు.