లేదు వేరు, కనబడలేదు వేరు

క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక రక్తంలో కణితి డీఎన్ఏ ఇంకా ఉందా అని చూసే పరీక్ష రిపోర్టులో ‘నెగటివ్’ అని రాసి పంపితే, లండన్ ల్యాబులో పైవాళ్లు ఆ ఒక్క మాట కొట్టేసి వెనక్కి పంపారు. ‘కణితి డీఎన్ఏ కనబడలేదు’ అని రాయాలట. ఇంత చిన్న మాటకు ఇంత రాద్ధాంతమా అని చిర్రెత్తుకొచ్చింది. కానీ ఆలోచిస్తే, తాళంచెవి కోసం ఇల్లంతా గాలించి ‘లేదమ్మా’ అని చేతులెత్తేస్తే, అమ్మ వచ్చి అదే అలమారలోంచి తీసి చేతిలో పెట్టే ఇళ్లలో పుట్టినవాళ్లం. ఈ తేడా మనకు ఇంకొకళ్లు నేర్పాలా?

లెక్క చూడండి. ఆపరేషన్‌లో ఊపిరితిత్తుల కణితి తీసేశాక ఎక్కడో నాలుగు కణాలు మిగిలితే, అవి చచ్చేటప్పుడు డీఎన్ఏ తునకలు రక్తంలోకి వదులుతాయి. ఆ తునకలు సుమారు రెండు గంటల్లోనే సగానికి తగ్గిపోతాయి కాబట్టి, దొరికాయంటే మూలం ఇంకా ఒంట్లో ఉందన్నమాటే. చిక్కంతా దొరకడంలోనే. 10 మిల్లీలీటర్ల రక్తం తీస్తే కణాలు పోగా మిగిలే ద్రవం, అంటే ప్లాస్మా, నాలుగు మిల్లీలీటర్లు వస్తుంది. మిల్లీలీటరుకు 5 నానోగ్రాముల డీఎన్ఏ అనుకున్నా మొత్తం 20 నానోగ్రాములు. నానోగ్రాముకు సుమారు 300 జీనోమ్ (మనిషి పూర్తి డీఎన్ఏ) ప్రతుల చొప్పున 6,000 ప్రతులు. కణితి వాటా లక్షలో ఒక్కటే అయితే, ఒక్క మ్యుటేషన్, అంటే డీఎన్ఏలో ఒక్క మార్పు కోసం వెతికితే ఆ గొట్టంలో అసలు ఉండకపోవచ్చు. అందుకే తీసేసిన కణితినే ముందు సీక్వెన్స్ చేసి, అంటే దాని డీఎన్ఏ అక్షరాలు చదివి, దానికే సొంతమైన మార్పుల జాబితా తయారుచేసుకుంటారు. 200 మార్పులు వెతికితే చూసే తునకలు 12 లక్షలు. అప్పుడు లక్షకొకటి చొప్పున ఓ డజను తగలాలి. దారిలో ఏవీ పోకపోతేనే అన్నమాట.

పోవడం మొదలయ్యేది రక్తం తీసిన చోటే. రక్తం గడ్డకట్టకుండా చూసే మామూలు ఈడీటీఏ ట్యూబైతే కొద్ది గంటల్లోనే స్పిన్ చెయ్యాలి, అంటే యంత్రంలో గిర్రున తిప్పి ప్లాస్మా వేరుచెయ్యాలి. ఆలస్యమైతే తెల్లకణాలు పగిలి, వాటి డీఎన్ఏ వచ్చిపడి అసలుది పలచబడిపోతుంది. కణాలు పగలకుండా మందు కలిపిన ప్రత్యేక ట్యూబైతే రోజుల తరబడి ఆగుతుంది, కానీ దాన్ని ఫ్రిజ్‌లో పెట్టకూడదు. రక్తమంటే ఫ్రిజ్ అనే అలవాటు చేతికి ఉన్నవాళ్లు ఇక్కడే దొరికిపోతారు. గీత దాకా నింపాలి, ఎనిమిది పదిసార్లు మెల్లగా తలకిందులు చెయ్యాలి, ఊపకూడదు. తర్వాత 1,600 జీ (భూమి లాగే బలానికి అన్ని రెట్లు) దగ్గర పది నిమిషాలు తిప్పి, పైన తేలిన ప్లాస్మాను వేరే గొట్టంలోకి తీసి మళ్లీ 16,000 జీ దగ్గర పది నిమిషాలు. చివరి చుక్క దాకా లాగాలనే ఆశ పనికిరాదు, కింద పొరలోని తెల్లకణాలు కలిసిపోతాయి. ఆ తెల్లకణాల పొరను పారెయ్యకండి. వయసు మీరినవాళ్ల రక్తకణాల్లోనూ టీపీ53 లాంటి జన్యువుల్లో మార్పులుంటాయి. వాటినీ చదివి తీసెయ్యకపోతే, రక్తంలోని మార్పును క్యాన్సర్ అనుకునే ప్రమాదం.

ఆపరేషనైన వారంలోనే నమూనా తీసినా లాభం లేదు, గాయం తాలూకు డీఎన్ఏ పొంగి ఉంటుంది. రెండు నుంచి నాలుగు వారాలు ఆగి మొదటిది తీసి, ఆ తర్వాత మూడు నెలలకోసారి చూస్తే మేలు.

ఇంత చేసినా తప్పించుకునేవి తప్పించుకుంటాయి. ఈ లండన్‌ నుంచే నడిపిన ట్రేసర్‌ఎక్స్ అధ్యయనం 2017లో బయటపెట్టిన అంకెల్లో, ఆపరేషన్‌కు ముందు, అంటే కణితి ఒంట్లోనే ఉండగా, ఊపిరితిత్తుల క్యాన్సర్లలో స్క్వామస్ అనే రకంలో 31 మందిలో 30 మందికి రక్తంలో జాడ దొరికింది. అడినోకార్సినోమా అనే ఇంకో రకంలో 58 మందిలో 11 మందికే. పొగ తాగని మనవాళ్లలో ఎక్కువగా కనిపించేది ఈ రెండోదే. మెదడులో మాత్రమే తిరగబెడితే రక్తంలో ఆనవాలు చాలాసార్లు దొరకదు. ఆ మాట ‘నెగటివ్’ అయితే ఎంత మోసం! ఆపరేషన్ తర్వాత జాడ దొరికినవాళ్లలో మాత్రం తిరగబెట్టిన సంగతి స్కాన్ కంటే సుమారు 70 రోజులు ముందే తెలిసింది. తెలిసి? స్కాన్‌లో ఏమీ లేనప్పుడు ఈ ఒక్క పరీక్ష చూసి మందు మొదలెడితే ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఆయుష్షు పెరుగుతుందని ఇంకా తేలలేదు, ట్రయల్స్ నడుస్తున్నాయి.

అయినా ఒక్క విషయంలో రాజీపడలేను. ఇక్కడ లండన్‌లో ఫలితం చెప్పే ఉత్తరం నేరుగా పేషెంటు పేరునే వెళుతుంది, పొడిపొడిగా. మన ఊళ్లో డాక్టరు భుజం మీద చెయ్యేసి ‘ఏం లేదమ్మా’ అంటాడు, ఫైలు మాత్రం అల్లుడి చేతికిస్తాడు. అది అబద్ధమని ఈ లండన్ వాళ్లంటారు. నాకు అలా అనిపించదు. కానీ ఆ ‘ఏం లేదు’ ఫైలెక్కితేనే భయం.

గుంటూరు నుంచి పిన్ని వాట్సాప్‌లో బాబాయి సీఈఏ (క్యాన్సర్ జాడ కోసం చేసే మామూలు రక్తపరీక్ష) రిపోర్టు పంపుతుంది. ఐదు లోపే ఉంది, ఇంక భయం లేదు కదా అని. సీఈఏ పొగ తాగేవాళ్లకు ఊరికే పెరుగుతుంది, కణితి తిరిగొచ్చినా పెరగకపోవచ్చు పిన్నీ, స్కాన్ మానకండి, ప్రస్తుతానికి కనబడలేదంతే అంటాను. మూడు నెలలకు స్కాన్ గుర్తుచేస్తే, ‘ఏమీ లేదన్నావుగా నాన్నా’ అంటుంది.