గాలం రాడ్‌కు గైడ్లు కదలకుండా కట్టడం: నా అనుభవం

నా చేతులతో కట్టుకున్న మొదటి రాడ్ ఆరు నెలలు బాగానే పనిచేసింది. ఆ తర్వాత ఒక పెద్ద చేప పడింది. రాడ్ విల్లులా వంగింది, రీల్ నుంచి లైను జారుతోంది, అంతలో 'టిక్' అని సన్నటి చప్పుడు. చూస్తే కొన నుంచి నాలుగో గైడ్, అంటే లైను దూరి వెళ్ళేలా దారంతో రాడ్ మీద కట్టే రింగు, పక్కకు తిరిగిపోయి ఉంది. ఇంకాసేపటికి దారం కిందనుంచి పూర్తిగా జారి బయటికొచ్చి లైను మీద వేలాడింది. లైను రాడ్‌కు రాసుకుని తెగిపోయింది. చేప పోయినందుకు బాధగానే ఉంది. అంతకన్నా ఆ గైడ్ నన్ను నిద్రపోనివ్వలేదు. దారం బిగించే చుట్టాను, పైన రెండు పూతలు ఎపాక్సీ (రెండు భాగాలు కలిపితే గట్టిపడే జిగురు) వేశాను. మరి ఎందుకు ఊడింది?

మర్నాడు ఆ కట్టును బ్లేడుతో నిలువుగా కోసి, భూతద్దం కింద పెట్టి చూశాను. గైడ్ కాలు, అంటే దారం కింద ఉండే దాని లోహపు పట్టీ, కొన దగ్గర మందంగా, మెట్టులా ఉంది. దారం బ్లాంక్ (ఏమీ కట్టని ఉత్త రాడ్ కర్ర) మీద నుంచి ఆ మెట్టు ఎక్కేచోట మూడు నాలుగు చుట్లు అసలు దేనికీ ఆనలేదు, గాలిలో వంతెనలా నిలబడ్డాయి. వాటి కింద అంతా ఖాళీ. ఎపాక్సీ లోపలికి దిగలేదు, పైన గుడ్డు పెంకులా గట్టిపడింది. సరిగ్గా ఆ మెట్టు దగ్గరే చుట్టూ వెంట్రుకవాసి పగులు కనిపించింది. నెల కిందటే ఆ గీత నా కంట పడింది. పై పూత మీది గీతే కదా అనుకుని వదిలేశాను. నిజానికి గైడ్ ఊడబోతోందని అది ముందుగా చెప్పిన మాట. బ్లాంక్ వంగుతుంది, గైడ్ కాలు వంగదు. ఆ రెండూ కలిసే చోట, అంటే కాలు కొన దగ్గర, ఒత్తిడంతా పేరుకుంటుంది.

రాడ్లు కట్టడంలో బాగా చెయ్యి తిరిగిన ఒక పెద్దాయనకు ఆ ముక్క చూపించాను. ఆయన దారాన్ని, ఎపాక్సీని పట్టించుకోలేదు. ఊడిన గైడ్ తీసుకుని దాని కాలు కొన మీద గోరు గీసి, "ఇక్కడ నీ గోరు ఆగిందా లేదా, బాబూ? గోరు ఆగితే దారమూ ఆగుతుంది" అన్నారు. నాలుగు మాటలే, కానీ నా పని పద్ధతంతా మారిపోయింది.

రెండో రాడ్‌కు అన్నిటికన్నా ఎక్కువ సమయం గైడ్ కాళ్ళ మీదే పెట్టాను. సన్నటి ఆకురాయితో ప్రతి కాలి పైభాగాన్నీ కొన వైపు వాలుగా అరగదీశాను. కొన ఎంత పలచనవ్వాలంటే, గోరు బ్లాంక్ మీద నుంచి కాలు మీదకి ఆగకుండా జారిపోవాలి. అలాగని కత్తి మొనలా వదిలేయకూడదు. రాడ్ వంగినప్పుడు ఆ మొన బ్లాంక్‌లోకి గుచ్చుకుంటుంది. గ్రాఫైట్ బ్లాంక్ లోపల బోలుగా ఉండే పలచటి గొట్టం, దానికి గీత పడితే అక్కడే విరగొచ్చు. అందుకే అంచుల్ని నునుపు సాండ్‌పేపర్‌తో గుండ్రంగా రుద్దాను. కాలు అడుగున వేలు పెట్టి తడిమితే అరగదీసినప్పుడు వచ్చిన సన్నటి గరుకు తగిలింది. దాన్నీ తీసేశాను. అడుగుభాగం బ్లాంక్‌కు పూర్తిగా ఆనుతోందో లేదో కూడా చూడాలి. ఒక గైడ్‌కు మడమ పైకి లేచి, కొన మాత్రమే ఆనింది. దాన్ని పటకారుతో అతి కొద్దిగా వంచి సరిచేశాను. ఆకురాయి పెడితే పైన కోటింగ్ పోతుంది కాబట్టి దారం కప్పే భాగం దాటి రుద్దలేదు. చివర్లో కాళ్ళనూ బ్లాంక్‌నూ స్పిరిట్‌తో తుడిచి, లోహపు పొడి, వేళ్ళ జిడ్డు పోగొట్టాను.

గైడ్ల మధ్య దూరాల గురించి ఎక్కువ చెప్పను. కొన దగ్గర దగ్గరగా, చేతిపిడి వైపు వచ్చేకొద్దీ ఎడంగా పెట్టాలి. ముందు చిన్న రబ్బరు రింగులతో వాటిని నిలబెట్టి, లైను ఎక్కించి, చివర బరువు కట్టి రాడ్ వంచి చూశాను. లైను ఎక్కడా ఠక్కున మూల తిరగకుండా రాడ్ వంపు వెంట సాగితే చాలు. మొదటి రాడ్‌కు గైడ్లను సూపర్ గ్లూతో అంటించాను, అది తప్పు. అంటించాక ఒంటి కన్నుతో గురి చూస్తే రెండు వంకరగా కనిపించాయి, కదిపే వీలు లేకపోయింది. ఈసారి రబ్బరు రింగులే వాడాను, దారం కాలు ఎక్కగానే వాటిని తీసేశాను.

దారం చుట్టడం నాకు ఇందులో అన్నిటికన్నా ఇష్టమైన పని. తేలిక రాడ్ కాబట్టి 'ఎ' సైజు నైలాన్ దారం తీసుకున్నాను. బరువు రాడ్లకు 'డి' సైజు వాడతారు, అది ఇంకాస్త లావు. దారపు కండెను కప్పులో వేసి, దారాన్ని లావుపాటి పుస్తకం పేజీల మధ్య నుంచి లాగి, పైన బరువు పెట్టాను. బరువు పెంచితే బిగువు పెరుగుతుంది. రాడ్‌ను రెండు చెక్క ఆసరాల మీద పెట్టి చేత్తో తిప్పుతుంటే దారం వరసగా వచ్చి కూర్చుంటుంది.

గైడ్ కాలు కొనకు మూడు నాలుగు మిల్లీమీటర్ల ముందు, బ్లాంక్ మీదే మొదలుపెట్టాను. దారం చివరను మొదటి చుట్ల కింద తొక్కించి, ఆరు చుట్లు పడ్డాక మిగిలిన తోకను కత్తిరించాను. ఇక కాలు ఎక్కే ఘట్టం. మొదటి రాడ్‌కు ఇక్కడ ప్రతిసారీ దారం జారి వెనక్కి వచ్చేది. ఈసారి అది ఏ తడబాటూ లేకుండా వాలు ఎక్కింది. నాలుగైదు చుట్లకోసారి గోటితో దారాన్ని వెనక్కి నెట్టి, చుట్ల మధ్య సందు లేకుండా చేశాను. దీపం పక్కన పెట్టి ఏటవాలు వెలుగులో చూస్తే సన్నటి సందు కూడా తెల్లగా మెరిసి దొరికిపోతుంది.

బిగువు ఎంత ఉండాలన్నది నాకు చాలాకాలం అర్థం కాలేదు. ఎంత బిగిస్తే అంత గట్టి అనుకునేవాణ్ణి. అది నిజం కాదు. మరీ బిగిస్తే గైడ్ కాలు బ్లాంక్‌ను నొక్కేస్తుంది, పలచటి గొట్టానికి అది ప్రమాదం. నాకు కుదిరిన కొలత ఇది: కట్టు పూర్తయ్యాక గైడ్ తనంతట తాను కదలకూడదు, కానీ బొటనవేలితో గట్టిగా నెడితే వెంట్రుకవాసి జరగాలి. ఆ జరిగే వీలుతోనే చివరిసారి గైడ్లన్నిటినీ ఒక గీతలోకి తెచ్చుకుంటాం. ఆ తర్వాత దాన్ని కదలకుండా ఆపడం ఎపాక్సీ పని.

ఇంకో ఏడెనిమిది చుట్లు ఉన్నాయనగా వేరే దారంతో ఒక లూప్ వేసి, దాని మీదుగా చుట్టాను. ఒంటికాలి గైడ్లకు మాత్రం దారాన్ని అక్కడితో ఆపలేదు. కాలు పైకి లేచే వంపు దాటించి, అవతలి వైపు కూడా కొన్ని చుట్లు వేశాను. దీన్ని ఫోర్హాన్ ర్యాప్ అంటారు. గైడ్ దారం కిందనుంచి జారిపోవాలని చూస్తే ముందున్న ఆ చుట్లు అడ్డం పడతాయి. నా మొదటి రాడ్‌కు లేనిది ఇదే. నాది స్పిన్నింగ్ రాడ్. గైడ్లు అడుగున వేలాడతాయి. రాడ్ వంగితే లైను గైడ్‌ను బ్లాంక్‌కు అదమదు, దాని నుంచి ఊడదీసేలా లాగుతుంది. ఆ బరువంతా దారమే మోయాలి.

దారం చివరను లూప్‌లో దూర్చి, లూప్‌ను లాగితే చివర చుట్ల కిందికి వెళ్ళిపోతుంది. మిగిలిన తోకను కొత్త బ్లేడుతో, దారాన్ని బిగించి పట్టుకుని, పైపైన తాకించి కోశాను. బ్లేడును కిందికి నొక్కితే పక్క చుట్టు తెగుతుంది, లేదా బ్లాంక్‌కు గీత పడుతుంది.

ఎపాక్సీ రోజు నాకు నిజంగా టెన్షన్. రెండు భాగాలనూ వేర్వేరు సిరంజిలతో సరిసమానంగా తీశాను. ఒక చుక్క తేడా వచ్చినా ఎప్పటికీ జిగటగా ఉండిపోవచ్చు. కప్పు అంచులు గీకుతూ నాలుగు నిమిషాలు నిదానంగా కలిపాను. గబగబా కలిపితే బుడగలు. కలిపాక అల్యూమినియం రేకు మీద పలచగా పోశాను. కప్పులోనే ఉంచితే దాని వేడికి అదే తొందరగా చిక్కబడుతుంది.

మొదటి పూత పలచగా ఉండాలి, అది మెరుపు కోసం కాదు, లోపలికి ఇంకడం కోసం. గైడ్ కాలికి రెండు పక్కలా, దారానికీ బ్లాంక్‌కీ మధ్య రెండు సన్నటి సొరంగాలు ఉంటాయి. వాటి నోటి దగ్గర ఒక్కో చుక్క పెట్టి ఆగాను. చుక్క దానంతట అదే లోపలికి పాకింది. అవతలి వైపు దారం రంగు ముదురయ్యాక గానీ కుంచె ముందుకు కదపలేదు. ఆ సొరంగం ఖాళీగా మిగిలితే నీళ్ళు చేరతాయి, ఆకురాయి పెట్టిన చోట తుప్పు పడుతుంది. దారం దాటి ఒకటి రెండు మిల్లీమీటర్లు బ్లాంక్ మీదకు కూడా పూశాను. పైకి తేలిన బుడగల మీదుగా స్పిరిట్ దీపాన్ని ఒక్క క్షణం దాటిస్తే పగిలిపోయాయి. రాడ్ తిప్పే మోటారు నాకు లేదు. అందుకే మొదట కొద్ది నిమిషాలకోసారి, చిక్కబడ్డాక ఎడంగా, చేత్తోనే సగం తిప్పుతూ కూర్చున్నాను. ఆపితే కిందికి కారి బొట్టు కడుతుంది. మర్నాడు గోరు దిగకుండా గట్టిపడ్డాక రెండో పూత వేశాను. కొన రింగ్‌ను మాత్రం వేడిచేస్తే కరిగే జిగురుతో అంటించాను, ఎప్పుడైనా మార్చాలంటే తేలిగ్గా వస్తుంది.

నాలుగు రోజులు ముట్టుకోలేదు. తర్వాత మళ్ళీ లైను ఎక్కించి, బరువు కట్టి, రాడ్‌ను మొదటిసారి వంగినంతా వంచి పట్టుకున్నాను. కొన నుంచి నాలుగో గైడ్ దగ్గర భూతద్దం పెట్టాను. కాలు కొన దగ్గర గీత లేదు. గైడ్‌ను పక్కకు నెట్టి చూశాను, కదల్లేదు. ఇప్పటికీ ప్రతి వేట తర్వాత రాడ్ తుడిచేటప్పుడు ప్రతి కట్టు మీదా గోరు గీసి చూస్తాను.