ప్లగ్గు విప్పిన ఆదివారం

పేపరు వచ్చేలోపే స్కూటర్ కుడివైపు రేకు మూత తీసి కూర్చున్నాను. నిన్న సాయంత్రం తెనాలి మార్కెట్ దగ్గర మా పాత చేతక్ ఆగిపోయింది. ఎన్ని కిక్కులు కొట్టినా అందుకోలేదు, ఇంటి దాకా నెట్టుకుంటూ వచ్చాను. రాత్రంతా చల్లారింది కనుక ఇంజన్‌లో నిప్పురవ్వ పుట్టించే స్పార్క్ ప్లగ్గు విప్పడానికి ఇదే మంచి వేళ. వేడి మీద పానా వేసి బలవంతం చేస్తే అల్యూమినియం హెడ్డులోని మరలు అరిగిపోతాయి. అప్పుడు అది చిన్న ఖర్చుతో తేలే పని కాదు.

విప్పే ముందు సైకిలు పంపుతో ప్లగ్గు చుట్టూ ఉన్న దుమ్మంతా ఊదేశాను. ఈ నిమిషం పని చాలామంది చేయరు, నాకు మాత్రం చేయకపోతే మనసొప్పదు. ప్లగ్గు తీసిన రంధ్రంలోంచి ఒక్క ఇసుక రేణువు లోపల పడినా సిలిండరు గోడ గీసుకుపోతుంది.

బయటికి వచ్చిన ప్లగ్గు నల్లగా, తడిగా, జిడ్డుగా ఉంది. ఇంజన్ విప్పకుండా దాని ఆరోగ్యం తెలుసుకోవడానికి ప్లగ్గు రంగును మించిన దారి లేదని నా నమ్మకం. పింగాణీ ముక్కు బిస్కెట్ రంగులో ఉంటే అంతా బాగున్నట్టు. పొడి మసి పట్టి ఉంటే గాలి తక్కువై పెట్రోలు ఎక్కువ వెళుతున్నట్టు. తెల్లగా పాలిపోయి ఉంటే ఇంజన్ మితిమీరి వేడెక్కుతున్నట్టు. మాది తడి నలుపు, అంటే పెట్రోలులో కలిపి పోసే ఆయిల్ పూర్తిగా మండటం లేదు.

మసి పట్టిన ప్లగ్గు మండించలేకపోవడానికి కారణం సూటిగా ఉంటుంది. కాయిల్ నుంచి వచ్చే వేల వోల్టుల కరెంటు రెండు మొనల మధ్య ఖాళీని దూకితేనే నిప్పురవ్వ పుడుతుంది. కార్బన్ కూడా కరెంటును మోస్తుంది కాబట్టి పింగాణీ మీద దాని పూత ఉంటే కరెంటు ఆ పూత మీదుగానే ప్లగ్గు ఒంటికి జారిపోతుంది. దూకవలసిన అవసరమే దానికి రాదు.

కాస్త పెట్రోలులో ప్లగ్గు మొన నానబెట్టి, ఇత్తడి తీగల బ్రష్షుతో జిడ్డు వదిలేదాకా తోమాను. ఇనుప బ్రష్షు నేను వాడను. అది పింగాణీ మీద లోహపు గీతలు వదులుతుంది, అవి కూడా కరెంటుకు దారి అవుతాయి. మొనలను సన్నటి ఉప్పు కాగితంతో తేలికగా రుద్దాను. ఇది మామూలు ప్లగ్గు కాబట్టి చెల్లింది. ఇరీడియం, ప్లాటినం ప్లగ్గుల సన్నటి మొనలకు ఉప్పు కాగితం తగలనే కూడదు. తరువాత గుడ్డతో తుడిచి, పంపుతో ఊది, ఎండలో ఆరబెట్టాను. స్టవ్వు మంట మీద ఎర్రగా కాల్చే అలవాటు కొందరికి ఉంది. ఆ వేడికి పింగాణీలో పగుళ్లు వస్తాయేమోనని నాకు భయం.

సన్నటి ఖాళీలను కొలిచే ఫీలర్ గేజ్ పెట్టి చూస్తే మొనల మధ్య గ్యాప్ కాస్త పెరిగింది. పక్క మొనను మెల్లగా తట్టి 0.6 మిల్లీమీటర్లకు తెచ్చాను. బిగించేటప్పుడు పానా తీసి పక్కన పెట్టి, చేత్తో తిరిగినంత వరకూ తిప్పాలి. చివరి కొద్దిపాటి బిగువుకే పానా కావాలి. మొదటి మూడు కిక్కులకు స్కూటర్ పొగ కక్కింది, నాలుగోదానికి అందుకుంది.

అయితే కడగటంతో పని అయిపోయిందని నేను ఎప్పుడూ అనుకోను. కారణం అలాగే ఉంటే మసి మళ్లీ వస్తుంది. ఈ టూ స్ట్రోక్ బండికి లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల ఆయిల్ చాలు. ఇంజన్ ఎక్కువ కాలం బతుకుతుందని ఇంకాస్త పోసే వాళ్లు ఆ ప్రేమతోనే ప్లగ్గును చంపుతున్నారు. నేను కొలిచే పోస్తాను, కనుక మా ఇంట్లో కారణం వేరు. బండి ఇప్పుడు ఇంటికీ మార్కెట్‌కీ మధ్య తప్ప తిరగడం లేదు. పింగాణీ ముక్కు సుమారు 450 డిగ్రీల వేడికి చేరితే తన మీది మసిని తానే కాల్చేసుకుంటుంది. రెండు వీధులు తిరిగి ఆపేసే బండికి ఆ వేడి ఎక్కడిది? పైగా పెట్రోలు కాక్ మూయకుండా రోజుల తరబడి నిలిపితే, పెట్రోలును గాలితో కలిపే కార్బురేటర్‌లోని పెట్రోలు ఆవిరై ఆయిల్ మిగులుతుంది, తరువాతి స్టార్టింగులో అదంతా ప్లగ్గు మీదికే వస్తుంది.

అందుకని టిఫిను తిని నారాకోడూరు దాకా ఆగకుండా వెళ్లి వచ్చాను. వాన వెలిసిన రోడ్డు, పొలాల్లో నీళ్లు. వెనక్కి వచ్చేసరికి ఇంజన్ చప్పుడు తేటపడింది. ఇంటి సందు మలుపులోనే కాక్ మూసేశాను, కార్బురేటర్‌లో ఉన్నది చాలావరకు ఖర్చయిపోవాలని.

మధ్యాహ్నం పక్కింటి కుర్రాడు తన మోటార్‌సైకిల్ ప్లగ్గు పట్టుకొచ్చాడు. "బాబాయ్ గారూ, దీన్ని కూడా కడిగి పెడతారా?" అని. పొడి మసి, వేలికి అంటుకునే పొడి నలుపు. గాలిని తగ్గించే చోక్ వేసి ఉంచే నడుపుతున్నావా అని అడిగితే అది ఎప్పుడో వాడటం మానేశానన్నాడు. అయితే ఎయిర్ ఫిల్టర్ చూడాలి. ప్లగ్గు కడిగి ఇచ్చేశాను కానీ, నా స్కూటర్ పానా ఆ సన్నటి ప్లగ్గుకు పట్టదు, తన టూల్ కిట్‌లోది తెచ్చుకొమ్మన్నాను. రేపు సాయంత్రం వస్తానన్నాడు. ముందు ఆ ఫిల్టర్ విప్పించి, తరువాతే ప్లగ్గు బిగించనిస్తాను.